బీడు వెంకటేశులు

బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో ఒక మనిషికి ఎగతాళి పేరు పడిందంటే ఇక ఇంటిపేరు మూలన పడినట్టే. ఆ ఊళ్లో వెంకటేశులు పేరున్నవాళ్లు ముగ్గురు. ఒకడు కొళాయి వెంకటేశులు, ఒకడు మీసాల వెంకటేశులు, మనం చెప్పుకోబోయేవాడు బీడు వెంకటేశులు. పిల్లాజెల్లా కూడా ఆ పేరు పలికి నవ్వేవాళ్లు. ఆ నవ్వు వింటూ అతని పెళ్లాం బయమ్మ తొమ్మిదేళ్లు కాపురం చేసింది. మొగుణ్ని తిట్టే హక్కు తనకొక్కదానికే ఉందని ఆమె గట్టి నమ్మకం. ఊరు నవ్విన ప్రతిసారీ ఇంటికొచ్చి ఆ హక్కును తనివితీరా వాడుకునేది.

ఆరెకరాల ఎర్రనేల, ఒక జత ఎద్దులు, ఒక బండి. అదీ వెంకటేశులు ఆస్తి. జూన్‌లో వాన పడితే అందరిలాగే వేరుశనగ విత్తేవాడు. పంట ఇళ్లు చేరాక ఉరవకొండలో ఒక కాయల మిల్లుకు పోయి నాలుగైదు నెలలు కాటా వేసేవాడు. ఆ కాటా దగ్గరే అతనికి తిక్క పట్టుకుంది. ఎండిన చేలల్లో ఏరుకొచ్చిన నాలుగు మూటలు కాటా మీద పెట్టి రైతులు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. తూకం చెప్పగానే ముఖాలు వేలాడేసేవాళ్లు. విత్తనానికి ఎంత పోశారో, ఎరువుకు ఎంత పోశారో అడక్కుండానే చెప్పి, వచ్చింది అందులో సగం కూడా లేదని తేల్చుకుని, మళ్లీ జూన్‌కు విత్తనం ఎట్లా అని అక్కడే నిలబడి మాట్లాడుకునేవాళ్లు. పదేళ్లు ఈ తంతు చూసి చూసి వెంకటేశులుకు రైతు జాతి మీదే ఏవగింపు పుట్టింది. తానూ ఆ జాతిలోవాడేనన్న సంగతి మాత్రం తొంభై ఎనిమిది ఉగాదికి గానీ తట్టలేదు. అప్పటికి అతనికి నలభై ఏళ్లు.

తట్టిన వారానికే ఎద్దుల్ని సంతకు తోలుకుపోయి ఉత్త పగ్గాలతో ఇంటికొచ్చాడు. బయమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది.

"ఎద్దులు యాడప్పా?"

"అమ్మేసినా. బండి గూడా అమ్మేసినా. రేప్పొద్దున వచ్చి తోలుకుపోతారు."

"అమ్మి?"

"పోస్టాఫీసులో ఏసినా. విత్తనానికని పెట్టుకున్న దుడ్లు గూడా ఆడనే ఏసినా. ఐదున్నరేండ్లకు రెట్టింపు ఇస్తారంట. గవుర్మెంటు చెప్పిన మాట. మీ మేఘం యానాడన్నా ఇంత గట్టి మాట చెప్పిందా?"

"మేఘం మాదెప్పుడయ్యిందప్పా? నిన్నటిదాకా నీది గూడా అదే కదా."

"నిన్నటితో సరి," అన్నాడు వెంకటేశులు. "ఈ చేన్లో విత్తే ప్రతి గింజా నష్టమే. విత్తకుంటే ఆ నష్టమంతా మిగులుతాది. ఏటా ఆ మిగిలింది తీసుకపోయి పోస్టాఫీసులో ఏస్తా. అది ఒగసారి రెట్టింపై, మళ్లా ఇంకోసారి రెట్టింపైందనుకో, నాకు యాభై దాటేసరికి మూడు లచ్చలు. నెలకు రెండు వేలు వడ్డీ. ఇంక నేను పని చేయను. నువ్వు కూలికి పోవద్దు. ఉరవకొండలో ఒగ గది తీసుకుని కూర్చుని తిందాం."

బయమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ఊళ్లో పని మానుకున్నవాళ్లను ఆమె చూడకపోలేదు. ఒకాయన పక్షవాతం వచ్చి మానుకున్నాడు. మిగతావాళ్లంతా పాడె ఎక్కి మానుకున్నారు. కాళ్లూ చేతులూ బాగున్న మనిషి, తాసీల్దారు గాదు, బడిపంతులు గాదు, యాభై ఏళ్లకు పని మానుకుని వడ్డీ తింటాడట. ఈ ముచ్చటను ఆమె కలుపు తీసే ఆడవాళ్లందరికీ చెప్పి నవ్వించింది. అయితే నవ్వు అయిపోయాక ఒక మాట మాత్రం ఆమె లోపల చిక్కుకుపోయింది. నువ్వు కూలికి పోవద్దు అన్న మాట. పదహారేళ్లప్పటినుంచి ఎండలో గొంతుక్కూర్చుని ఊరందరి చేలల్లో కలుపు తీసిన మోకాళ్లు ఆమెవి. పొద్దున లేవగానే గోడ పట్టుకుంటే గానీ నిలబడలేదు. ఆ మాటను ఆమె నమ్మలేదు, కానీ పారేయనూ లేకపోయింది.

జూన్‌లో వాన పడింది. ఊరంతా చేలమీద పడింది. వెంకటేశులు ఊరి రచ్చకట్టమీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. సబ్సిడీ విత్తనకాయల కోసం బెళుగుప్పలో తోసుకుంటూ చొక్కాలు చింపుకుని వచ్చేవాళ్లను ఒక్కొక్కరినే ఆపి, "ఏమప్పా, నష్టం యా రేటుకు ఇస్తాండారు ఈసారి?" అని పలకరించేవాడు. ఇలాంటి మనిషిని ఊరు ఎంతకాలం ఓర్చుకుంటుంది? పెద్దమనుషులు పిలిపించి చీవాట్లు పెట్టారు. భూమిని బీడు పెట్టడమంటే బతికున్న తల్లికి కూడు మానేయడమే అన్నారు. వెంకటేశులు తొణకలేదు. "మీరు ఏటా పెడతాండారు కదా, మీ తల్లి మీకేం పెట్టింది?" అని అడిగి లేచి వచ్చేశాడు.

పక్క చేను అంజినప్పది. అతనిది ఇంకో బాధ. "నీ బీడులోంచి ఎలకలు నా చేన్లోకి వస్తాండాయి," అని ఒకనాడు ఇంటిమీదికి వచ్చాడు.

"నా చేన్లో తినేకి ఏమీ లేదు కాబట్టి నీ చేన్లోకి వస్తాండాయి," అన్నాడు వెంకటేశులు. "వాటికున్న తెలివి నీకు లేకపోతే నేనేం చేసేది?"

అన్నిటికంటే ఊరు ముక్కున వేలేసుకున్నది గొర్రెల విషయంలో. మామూలుగా గొర్రెల కాపరులు మందను రాత్రిళ్లు చేలో ఆపితే, ఆ ఎరువు కోసం రైతే వాళ్లకు గింజలు కొలిచి ఇస్తాడు. తాతలనాటి నుంచి అదే పద్ధతి. వెంకటేశులు మాత్రం తన బీడులో మేపుకున్నందుకు కాపరుల దగ్గర ఎదురు డబ్బు వసూలు చేశాడు. "ఎరువు నాకెందుకు, నేనేమన్నా విత్తుతాండానా?" అన్నాడు. కాపరులు ఊరూరా తిరిగేవాళ్లు కాబట్టి ఈ సంగతి కళ్యాణదుర్గం దాకా పాకింది.

మగవాడు కట్టమీద కూర్చుని నోరు పారేసుకుంటే చెల్లుతుంది. ఆ నోటికి జవాబు చెప్పుకోవలసింది ఆడది. ఒక ఏడు బయమ్మ అంజినప్ప చేలో విత్తనం వేసే కూలికి పోయింది. ఎద్దులు లాగే విత్తనపు గొర్రు వెనక నడుస్తూ గింజలు వదిలే ఆడవాళ్లలో పెద్దదానికి మొదటి పిడికెడు ఇచ్చి మొదలుపెట్టించడం అక్కడి ఆనవాయితీ. అందరిలోకి పెద్దది బయమ్మే. అంజినప్ప తల్లి గింజల చాట పట్టుకుని ఆమె ముందుకొచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, పక్కకు తిరిగి ఇంకొకామె ఒళ్లో పోసింది. "బీడు పెట్టిన ఇంటి చెయ్యి, మొదట వద్దులేమ్మా," అంది, మెత్తగానే. పొద్దంతా బయమ్మ ఆ గొర్రు వెనకే నడిచి గింజలు వదిలింది. సాయంత్రం ఇంటికొచ్చి మొగుణ్ని తిట్టిన తిట్లకు ఇంటి ముందు కట్టేసిన మేక కూడా అరవడం మానేసింది.

అయినా కాలం వెంకటేశులు పక్షానే నిలిచింది. రెండువేలు దాటాక వరసగా కరువులు. విత్తేదాకా వాన ఊరించేది, వేరుశనగకు ఊడలు దిగి కాయ కట్టే వేళకు మొహం చాటేసేది. సరిగ్గా ఆగస్టులో, చేలు వాడిపోతున్న రోజుల్లో, వెంకటేశులు ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్లమీద తిరిగేవాడు. పరామర్శకు వచ్చినట్టే ఉండేది ఆ వాలకం, మొహంలో మాత్రం పండగ. ఇంత లేకి సంతోషం పడగల మనిషి తన మొగుడేనా అని బయమ్మకే అసహ్యం వేసేది. పంటల బీమా డబ్బులొచ్చిన ఏడు అంజినప్ప కూడా బదులు తీర్చుకున్నాడు. ఎండిన చేనుకు దుడ్లిచ్చినారు, నీ బీడుకేమిచ్చినారప్పా అని నాలుగు వీధులకు వినపడేలా అడిగాడు. వెంకటేశులు లెక్క తీసి, బీమా పోను అతనికి మిగిలిన నష్టమెంతో అవే నాలుగు వీధులకూ వినిపించాడు. ఊరూరికీ ఏడుపు పట్టిన ఏళ్లలో ఇద్దరు మగవాళ్లు నష్టాలు పోల్చుకుని గెలుపోటములు తేల్చుకున్నారు.

ఇంట్లో మటుకు పొదుపు ముదిరి పిసినారితనమైంది. బీడీలు మానేశాడు, పోనీ మంచిదే. మాంసం మానేశాడు. కాఫీపొడి మానేశాడు. చక్కెర మానేశాడు. ఎవరింట్లో పెళ్లయినా ముందు పంక్తిలో ఒకసారి, కడపటి పంక్తిలో ఒకసారి కూర్చునేవాడు. బయమ్మ కూలి డబ్బులతోనే ఇల్లు గడిచేది, అతని మిల్లు కూలి మొత్తం పోస్టాఫీసుకు పోయేది. ఆమె తిట్టేది, ఇచ్చేది. ఎందుకిచ్చేదంటే, ఎప్పుడో ఆమెకు తెలియకుండానే ఆమె కూడా ఆ పిచ్చిలో పడిపోయింది. సంతకు ఉరవకొండ పోయినప్పుడల్లా అంగడివీధి వెనకాల ఒక సందులోకి తొంగిచూసి వచ్చేది. అక్కడ ఒక మిద్దె కింద చిన్న గది, ముందర అరుగు, పక్కనే నీళ్ల కొళాయి. ఆ అరుగుమీద పొద్దున పూట చేతిలో చాట లేకుండా, కొడవలి లేకుండా, ఊరికే కూర్చోవాలి. ఆమెకు కావలసింది అంతే. ఆ కోరిక బయటపెడితే ఊరు మొగుణ్ని నవ్వినట్టే తననూ నవ్వుతుందని ఎవరికీ చెప్పలేదు. మొగుడికి అసలే చెప్పలేదు.

రెండువేల మూడులో మొదటి రెట్టింపు చేతికొచ్చింది. వెంకటేశులు దాన్ని మళ్లీ అక్కడే వేసి ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. విషయమేమిటని బయమ్మ రెండు మూడుసార్లు అడిగాక చెప్పాడు. వడ్డీలు తగ్గించారట. ఇప్పుడు వేస్తే రెట్టింపు కావడానికి ఎనిమిదిన్నరేళ్లు దాటుతుందట.

"మేఘం కంటే గవుర్మెంటు మాట గట్టిదంటివి?" అంది బయమ్మ.

"యాభైకి గాకపోతే యాభై నాలుక్కు," అన్నాడు గోడవైపే చూస్తూ.

అన్నాడు గానీ, ఆ రోజు నుంచి మనిషిలో ఏదో సడలింది. గట్లమీద తిరగడం తగ్గింది. ఎగతాళి చేయడానికి కట్టమీదికి పోయినా, మధ్యలోనే ఆకాశం వైపు చూసి మాట మరిచిపోయేవాడు. బయమ్మ అది గమనించింది. వయసు మీదపడుతోందిలే అనుకుంది.

రెండువేల ఏడు జూన్‌లో వాన పడింది. పడిందంటే అలా ఇలా కాదు. సాయంత్రం మొదలై తెల్లారేదాకా ఏకధాటిగా, గాలి లేకుండా, ఉరుము లేకుండా, భూమి తాగినంతా తాగనిచ్చి పడింది. పొద్దున్నే ఊరు ఖాళీ. మిల్లు మూత, సీజను కాదు. కట్టమీద ముసలివాళ్లు కూడా లేరు, వాళ్లూ చేలకే పోయారు. ఎగతాళి చేయడానికి కూడా ఊళ్లో మనిషి దొరక్క వెంకటేశులు మధ్యాహ్నందాకా ఓపిక పట్టి, ఎగతాళి చేద్దామనే చేలకు బయలుదేరాడు. ఆ పూట బయమ్మ అంజినప్ప చేలో గింజలు వేస్తోంది. మొగుడు గట్టుమీదికి రావడం ఆమె చూసింది. వచ్చినవాడు ఎవరినీ పలకరించలేదు. తన బీడులోకి దిగి, వంగి, గడ్డి దుబ్బు పీకి, దాని కింది మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కాడు. పదును ఉందో లేదో రైతులు అలాగే చూస్తారు. పిడికిలి తెరిచాడు. మట్టి విరగకుండా ముద్దగా నిలిచింది. చాలాసేపు ఆ ముద్దనే చూస్తూ నిలబడ్డాడు.

బయమ్మ గొర్రు వెనక నడక ఆపేసింది. చేతిలో గింజలు అలాగే ఉండిపోయాయి. "వెయ్యక్కా, గొర్రు పోతాండాది," అని వెనక ఎవరో అరిచారు.

ఇంటికొచ్చేసరికి వెంకటేశులు సంచి తీసుకుని చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"యాడికప్పా?"

"పోస్టాఫీసుకు."

"ఏసేకా, తీసేకా?"

వెంకటేశులు సంచిని చంకలో పెట్టుకున్నాడు.

"మధ్యలో తీస్తే కోసుకుని ఇస్తారని నువ్వే కదా చెప్పినావు? తొమ్మిదేండ్లు ఈ ఊరు నా మొగం మీద నవ్వితే పడింటి. మొదటి గింజకు పనికిరాని చెయ్యైపాయె నా చెయ్యి. దేనికి పడినట్లు? ఇంకో నాలుగైదేండ్లు కూర్చోలేవా? నీకు వచ్చిందే కూర్చునే పని కదప్పా."

"మూడు దినాల్లో పదును పోతాది," అన్నాడు వెంకటేశులు. ఆ మాట అతని నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చిందంటే, తొమ్మిదేళ్ల తెలివంతా ఎటు పోయిందో ఆమెకు అర్థం కాలేదు. ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. అతను దాటుకుని పోయాడు.

పోస్టాఫీసులో ఉన్న పొదుపు పత్రాల్లో సగం తీసేశాడు. సబ్సిడీ విత్తనం ఎప్పుడో అయిపోయింది కాబట్టి బ్లాకులో రెండింతలు పెట్టి కొన్నాడు. ఎద్దులు ఎవరివీ ఖాళీ లేవు, ట్రాక్టరున్న బుడేన్ సాబ్‌ను పిలిపించాడు. బుడేన్ సాబ్ గడ్డీ కంపా దున్ని పారేసి దిగి, నవ్వాపుకోలేక చెప్పనే చెప్పాడు: "వెంకటేశులన్నా, తొమ్మిదేండ్లు రంజాన్ రోజా పట్టి పట్టి, పండగ సందమామ కనపడే పూటకు ముందే తింటివి కదన్నా." మంది నవ్వారు. వెంకటేశులు కూడా నవ్వాడు. తన మీద నవ్వితే తానూ నవ్వడం నేర్చుకున్నాడంటే మనిషి పూర్తిగా చేజారాడని బయమ్మకు అప్పుడే తెలిసింది. అతను ఎంత పిలిచినా తన చేత్తో ఒక్క గింజ వేయనంది. ఆ మూడు రోజులూ అంజినప్ప చేనికే కూలికి పోయింది.

ఇక ఆమెకున్న ఆశ ఒక్కటే. ఆగస్టు. పదేళ్లలో ఏడేళ్లు ఎండగొట్టిన ఆగస్టు ఈసారీ ఎండగొట్టక మానుతుందా? ఎండిందంటే సగం పత్రాలు పోతే పోయాయి, మిగతా సగం బతుకుతాయి. మనిషికి బుద్ధొస్తుంది, తలకాయ వేలాడేసుకుని మళ్లీ మిల్లుకు పోతాడు. అరవై ఏళ్లకైనా సరే, ఆ అరుగు దొరుకుతుంది. పొద్దున లేచి గోడ పట్టుకుని నిలబడి బయమ్మ మొదట ఆకాశం చూసేది. మబ్బు లేకపోతే ప్రాణం కుదుటపడేది. తప్పని తెలుసు. ఊళ్లో పసిపిల్లలున్న ఇళ్లు కూడా ఆ మబ్బుమీదే ఆధారపడ్డాయని తెలుసు. అయినా అలాగే కోరుకుంది. కలుపు తీస్తుంటే ఆగస్టు నడిమధ్యన చినుకులు మొదలయ్యాయి. పక్క ఆడవాళ్లు పైటలు తలమీద కప్పుకుని, కొడవళ్లు పట్టుకునే చేతులెత్తి మొక్కారు. బయమ్మ తల వంచుకుని ఆ వానను నోటికొచ్చినట్టు తిట్టింది. సెప్టెంబరులో కావలసిన వేళకు ఇంకో వాన వచ్చింది. ఆ వానను తిట్టడానికి ఆమెకు నోరు కూడా రాలేదు.

నవంబరు మొదట్లో చేను పీకారు. తొమ్మిదేళ్లు నాగలి తాకని నేల, తొమ్మిదేళ్లు గొర్రెల మందలు పడుకున్న నేల. చెట్టు పీకితే వేళ్లకు కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. చుట్టుపక్కల చేలవాళ్లు పని వదిలి చూడటానికి వచ్చారు. అంజినప్ప ఒక చెట్టు తీసుకుని, కాయలు చేత్తో తూచి చూసి, పదేళ్లలో మొదటిసారి మనస్ఫూర్తిగా, "నువ్వు రైతువప్పా," అన్నాడు. పెద్దమనుషులు ఒకప్పుడు తిట్టిన నోటితోనే పొగిడారు. వెంకటేశులు మట్టి చేతులు పంచకు తుడుచుకుంటూ పెళ్లికొడుకులా నిలబడ్డాడు. ఇన్నేళ్లలో అతని ముఖంలో అంత వెలుగు బయమ్మ చూడలేదు. ఆమె చూడాలనుకోని వెలుగు అదొక్కటే.

"ఐదున్నరేండ్లు పట్టింది పోస్టాఫీసోనికి నా దుడ్లు ఒగసారి రెట్టింపు చేసేకి," అన్నాడు వెంకటేశులు, అందరికీ వినపడేలా. "ఈ భూమి ఐదు నెల్లకు చేసింది. ఐదు నెల్లకు." ఆ మాటను వరసగా రెండుమూడు సార్లు అన్నాడు, రుచి చూస్తున్నట్టు. తర్వాత అంజినప్ప భుజంమీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. ఆ పైనున్న నీ నాలుగెకరాలు వచ్చే ఏటి పంటకు గుత్తకు ఎంతకిస్తావని అడగడం, మిగిలిన పత్రాలు కూడా రేపే తీసేస్తానని చెప్పడం ఇవతలికి వినపడింది.

బయమ్మ గట్టుమీద కూలబడి ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడ్చింది. ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"సంతోషంలో అట్లే వస్తాదిలేమ్మా ఏడుపు," అంటూ అంజినప్ప తల్లి పక్కన కూర్చుని వీపు నిమిరింది. "తొమ్మిదేండ్లకు నీ మొగుడు మళ్లా మనిషయినాడు. వచ్చే ఏడు మొదటి పిడికెడు నీ చేత్తోనే ఏద్దువు."

బయమ్మ ఆ చేతిని విదిలించి కొట్టింది.

"ఎండిపోయింటే బాగుండునత్తా," అంది. "ఒగ్గ కాయ లేకుండా ఎండిపోయింటే, ఈ మనిషి నాకు మిగిలిండేవాడు."